మనకెందుకులే!

మా పై వాటాలో అద్దెకున్న వాళ్ళింట్లో ఓ పిల్ల ఉండేది. పదేళ్ళుంటాయేమో. అపార్ట్‌మెంట్ పిల్లలంతా స్కూలు బస్సెక్కే వేళకి ఆ పిల్ల చంకలో వాళ్ళ బాబునెత్తుకుని లిఫ్ట్ దగ్గర నిలబడేది. “మా ఊరి పిల్లేనండీ, తోడుంటుందని తెచ్చుకున్నాం” అన్నారావిడ. నేనూ నవ్వి ఊరుకున్నాను. అడిగితే బాగుండదేమో, మనకెందుకులే అనుకున్నాను.

వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక ఓ రోజు మాటల్లో ఇస్త్రీ అతను “ఆ పాప చేతిమీద వాత చూశానమ్మా” అన్నాడు. “రాత్రిళ్ళు బాల్కనీలోనే పడుకునేదండీ” అంది వాచ్‌మన్ భార్య. “ఆకలేస్తోందని ఓసారి నన్నడిగింది” అంది మా పనమ్మాయి. బడికి వెళ్ళట్లేదని నాకూ తెలుసు. తలా ఒక ముక్క తెలిసి కూడా ఒకరితో ఒకరం అనుకోలేదు. ఇప్పుడా పిల్ల ఎక్కడుందో!

పక్కింట్లో ఏ కూర వండారో వాసనతో చెప్పేస్తాం కదా, ఇలాంటివి మాత్రం “వాళ్ళ ఇంటి విషయం” అయిపోతాయేం? పధ్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. 1098కి ఫోన్ చేస్తే చాలు, రాత్రయినా పగలైనా పలుకుతారు. రుజువులు వెతకడం మన పని కాదు, అనుమానం ఉందని చెప్తే చాలు. పిల్లల మీద లైంగిక వేధింపులైతే, తెలిసీ చెప్పకపోవడమే నేరమని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది.

అలాగని అందరింట్లోకీ తొంగిచూడమని కాదు. అనుమానంతో ఊరికే పుకార్లు పుట్టించడమూ తప్పే. కానీ పోలీసులూ, టీచర్లూ చూసుకుంటారులే అనుకుంటే, రోజూ కళ్ళెదుట తిరిగేది మనమే కదా!

అందుకే మా అసోసియేషన్ మీటింగులో నీళ్ళ ట్యాంకర్ల గోల అయ్యాక ఈ మాటెత్తాను. వాచ్‌మన్‌నీ, పనమ్మాయిల్నీ కూడా కూర్చోబెట్టాం. 1098తో పాటు పెద్దవాళ్ళ సాయానికుండే 14567 కూడా లిఫ్ట్ పక్కన రాయించాం. మొన్న మతిమరుపున్న కింది వాటా తాతగారు ఒంటరిగా గేటు దాటబోతుంటే ఇస్త్రీ అతనే చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు.

ఆ పిల్ల పేరు నాకిప్పటికీ తెలీదు, ఎప్పుడూ అడగలేదు కాబట్టి. మీ వీధిలో అలాంటి పిల్ల కనిపిస్తే, కనీసం పేరడిగి పలకరించండి.