సెలవుల సంతోషము ఎంత ఖరీదు?



పత్తి అమ్మకాలు, క్రిస్మస్, సంక్రాంతి సెలవులు. ఈ మూడూ మన ఉట్నూరు ప్రాంతములో ఇంచుమించు ఒకేసారి వస్తాయి. చేతికి నాలుగు రూపాయలు వచ్చే ఆ వారాలలోనే పిల్లల నోట ఒక ప్రశ్న కూడా వస్తుంది. "నాయినా, హైదరాబాదుకు మనమెప్పుడు పోతం?" చార్మినార్ కోసం కాదు ఆ ప్రశ్న. రామోజీ ఫిల్మ్ సిటీ కోసం, వండర్‌లా కోసం. తోటి పిల్లల ఫోనులో ఫోటోలు చూసి వచ్చారు మరి.

పిల్లలను గద్దించే ముందు పెద్దలమైన మనము ఈ ఖర్చు సంగతి సరిగా తెలుసుకొనుట మంచిది.

ఫిల్మ్ సిటీ 1996లో వెలసింది. రావిర్యాల వద్ద వండర్‌లా 2016లో ప్రారంభమైంది. ఈ రెండింటిలోనూ ఈనాడు పెద్దవారి టిక్కెట్టు వెయ్యి రూపాయలు దాటింది. సెలవులలో, పండుగ దినాలలో ఇంకా ఎక్కువ. వండర్‌లాలో పిల్లల టిక్కెట్టుకు వయస్సు కాదు, ఎత్తు కొలుస్తారు. కాబట్టి త్వరగా ఎదిగిన పిల్లవాడికి పెద్దల టిక్కెట్టే. బయటి భోజనము లోనికి రానివ్వరు కనుక సద్ది మూట పనికిరాదు. నీటి ఆటలకు నైలాను వంటి బట్టలే ఉండాలి, నూలు బట్టలతో దిగనివ్వరు. పత్తి పండించే ఇంటి పిల్లలు నూలు బట్టలు విడిచి వేరే బట్టలు కొనుక్కోవలసి వస్తుంది! సామాను పెట్టెకు వేరే అద్దె. అదనముగా చెల్లించినవారికి వరుసలో నిలువనక్కరలేని టిక్కెట్టు కూడా ఉంది. ఎండలో గంటసేపు నిలిచిన పిల్లవాడు తన ముందునుండి మరొకడు నేరుగా వెళ్లిపోవడము చూస్తాడు. ఆ పాఠమును కూడా మనము డబ్బిచ్చి నేర్పించినట్లే.

ధర ఎందుకు పెరుగుతున్నది? ఒక కారణము పన్ను. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఈ వినోద స్థలాల ప్రవేశముపై 28 శాతము వేశారు. 2018 జనవరిలో దానిని 18 శాతమునకు తగ్గించారు. అంటే వెయ్యి రూపాయల టిక్కెట్టు మీద 180 రూపాయలు పన్నే. రెండవది, యంత్రాల ఖర్చు, కరెంటు, నీరు, భద్రత. చూచినదే మళ్లీ చూడడానికి జనము రారు గనుక కొత్త ఆటలు తెస్తూనే ఉండాలి. మూడవది, రద్దీని బట్టి ధర మార్చే పద్ధతి. అందరికీ సెలవు ఉన్న రోజుననే ధర ఎక్కువ.

ఇది మన దేశపు సంగతే కాదు. అమెరికాలో డిస్నీల్యాండ్ 1955లో తెరచినప్పుడు పెద్దవారి ప్రవేశము ఒక్క డాలరు, ఆటలకు వేరే టిక్కెట్లు. 2024 అక్టోబరులో అక్కడ రద్దీ రోజు టిక్కెట్టు 200 డాలర్లు దాటింది. వస్తువుల ధరలు కూడా పెరిగాయి నిజమే, కాని ఇన్ని రెట్లు కాదు. అక్కడి మధ్యతరగతి తండ్రి కూడా మన తండ్రివలెనే వేళ్లు మడిచి లెక్క వేస్తున్నాడు.

మనమూ లెక్క వేద్దాము. ఉట్నూరునుండి హైదరాబాదు సుమారు మూడు వందల కిలోమీటర్లు. 2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రములో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము దొరికింది కనుక తల్లీ కూతుళ్ల చార్జి మిగులుతుంది. అయినా నలుగురి టిక్కెట్లు, తండ్రీ కొడుకుల బస్సు చార్జీలు, ఒక రాత్రి బస, భోజనాలు, బట్టలు కలిపితే పది వేలకు తగ్గదు. 2025-26లో పొడవు పింజ పత్తికి కేంద్రము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ఒక్క రోజు ఆటకు క్వింటాలుంబావు పత్తి. అదీ తేమ పేరిట కోత పడకుండా పూర్తి ధర దక్కితేనే.

ఆ పది వేలు అప్పు తెస్తే? నూటికి మూడు రూపాయల మిత్తి చొప్పున నెలకు 300. మళ్లీ పత్తి చేతికి రావడానికి పది నెలలు పడితే మిత్తియే మూడు వేలు. పిల్లవాడు ఆట మరచిపోతాడు, సేటు మరచిపోడు.

ఒక తల్లి నాతో చెప్పిన మాట ఇక్కడ వ్రాయవలసియున్నది. ఆమె కుమారుని బడిలో విహారయాత్రకు డబ్బు కట్టనివారిని తరగతిలో లేచి నిలువమన్నారట. పిల్లవాడు రెండు రోజులు బడికి పోలేదు. "అయ్యగారూ, వాని ముఖము చూస్తే అప్పు చేసన్నా పంపాలనిపించింది" అన్నది. ఆ తల్లిని ఎవరు తప్పు పట్టగలరు? యాత్ర పోగొట్టుకున్నందుకు గాక, అందరిలో చిన్నబోయినందుకు ఆ బిడ్డ ఏడ్చాడు. పంతుళ్లలో ఎవరైనా ఈ పేజీ చదువుతుంటే, డబ్బు సంగతి పిల్లలను గాక తల్లిదండ్రులను ఏకాంతముగా అడగండని మనవి.

ఆనందించుట పాపము కాదు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయము చూడండి. మార్గము దూరమైతే పంటలో ప్రత్యేకించిన భాగమును వెండిగా మార్చి, చేత పట్టుకొని వెళ్లి, ఇంటివారందరితో కలిసి తిని సంతోషించమని అక్కడ ఆజ్ఞ ఉన్నది. ఊరిలోని లేవీయుని మరువవద్దని కూడా ఉన్నది. గమనించండి, ముందు ప్రత్యేకించుట, తరువాత ప్రయాణము. అప్పు మాట లేదు.

కనుక నా సలహాలు ఇవి. నగర యాత్ర మూడేండ్లకొకసారి పెట్టుకోండి. నెలకు మూడు వందలు ఒక డబ్బాలో వేస్తే మూడేండ్లకు 10,800 అవుతాయి. మిత్తిగా పోవలసిన సొమ్మే మీ టిక్కెట్టు అవుతుంది. పిల్లల చేతనే లెక్క వ్రాయించండి. రద్దీ లేని వారపు దినమున వెళ్లండి. ఖర్చు తగ్గాలంటే జూపార్కు ఉంది, పెద్దలకు వంద రూపాయల ప్రాంతములోనే, సోమవారము సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియమునకు శుక్రవారము సెలవు.

మిగిలిన రెండేండ్లు మన జిల్లాలు చూపించండి. వానలు వెనుకబట్టినాక కుంటాల, పొచ్చెర జలపాతాలు నిండుగా ఉంటాయి. అయితే కుంటాల గుండములో పిల్లలను దింపవద్దు, అక్కడ ప్రాణాలు పోయాయి. కడెం ప్రాజెక్టు, జన్నారం అడవి, జోడేఘాట్‌లో కొమురం భీము స్మారక మ్యూజియము, నిర్మల్‌లో పొణికి కర్రతో బొమ్మలు చేసే పనివారు, ఉట్నూరులోనే గోండు రాజుల కోట. ఇక్కడ సద్ది మూటను ఎవరూ ఆపరు, నూలు బట్టలను ఎవరూ విడువమనరు. జీపు మాట్లాడుకుంటే తండ్రి లేని ఇంటి పిల్లలిద్దరిని కూడా ఎక్కించుకోండి.

ఈ వారము రాత్రి భోజనమైన తరువాత మీ పిల్లలను ఒక్క మాట అడగండి. గడచిన ఏడాదిలో మనమందరము కలిసి సంతోషించిన దినము ఏది? వారు చెప్పే జవాబుకు ఎంత ఖర్చయినదో చూసుకొనండి. తరువాతనే యాత్ర నిశ్చయించండి.

ప్రభువు మీ రాకపోకలయందు మిమ్మును కాపాడును గాక.