భయపడే కుక్కపిల్లకు జాలి ఒక్కటే చాలదు

వీధిలో ఒంటరిగా అరుస్తున్న కుక్కపిల్లను మీరెప్పుడైనా ఇంటికి తెచ్చారా? తెచ్చి ఉంటే ఆ తరువాత కథ మీకు తెలిసే ఉంటుంది. మొదటి రోజు వాడకట్టు పిల్లలందరూ చుట్టూ చేరతారు. ఒకరు పాలు పోస్తారు, ఒకరు ఎత్తుకుంటారు, ఒకరు పేరు పెడతారు. ఆ పిల్ల మాత్రం మంచం కిందికో, బియ్యం డ్రమ్ము వెనక్కో దూరి వణుకుతూ కూర్చుంటుంది. నాలుగు రోజులు గడిచాక "ఇది ఉత్త పిరికిది" అని, తెచ్చిన చోటనే వదిలేసి వస్తారు. మా కరీంనగర్‌లో ఈ తంతు ఎన్నోసార్లు చూశాను. ఆ పిల్లలో లోపమేమీ లేదనీ, మనం చేసే పనే తలకిందులుగా ఉందనీ నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

కిందటి ఏడాది బతుకమ్మ పండుగకు కొన్నాళ్ళ ముందు మా ఇంటికి ఒక కుక్కపిల్ల వచ్చింది. కూరగాయల అంగడి వెనుక నాలుగు పిల్లలు పుట్టాయి. తల్లి లారీ కింద పడింది. రెండు పిల్లలు రక్త విరేచనాలతో పోయాయి. ఒకదాన్ని ఎవరో పట్టుకుపోయారు. మిగిలిన మగపిల్లను మా పక్కింటి తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ళ నాన్నతో కలిసి అట్టపెట్టెలో పెట్టుకొని తెచ్చింది. వాళ్ళింట్లో చోటు లేదు, మా ఇంట్లో పెంచుకొనే ఉద్దేశం లేదు. కాబట్టి కొన్నాళ్ళు మా దగ్గర ఉంచి, మంచి ఇల్లు దొరికాక ఇచ్చివేద్దామని ఒప్పందం చేసుకొన్నాం. పేరు 'బుడ్డోడు'. ఇక నుంచి నేనూ 'వాడు' అనే అంటాను.

పశువుల డాక్టరు వాడి నోరు తెరిచి చూసి, ఎనిమిది వారాలుంటాయన్నారు. కుక్కపిల్ల వయస్సును పళ్ళు చూసి చెప్పవచ్చునని మీకు తెలుసా? దాదాపు మూడో వారంలో పాలపళ్ళు రావడం మొదలవుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకల్లా 28 పాలపళ్ళూ వచ్చేస్తాయి. నాలుగో నెలనుంచి అవి రాలిపోతూ, వాటి స్థానంలో 42 శాశ్వత దంతాలు వస్తాయి. బుడ్డోడి నోట్లో సూదుల్లాంటి పాలపళ్ళన్నీ ఉన్నాయి, ఒక్కటీ రాలలేదు.

ఎనిమిది వారాలు అన్న మాట వినగానే నాకు సంతోషం, కంగారు రెండూ కలిగాయి. కుక్కపిల్ల పుట్టినప్పుడు గుడ్డిది, చెవిటిది కూడా. రెండు వారాలకు కాస్త అటూ ఇటూగా కళ్ళు తెరుచుకుంటాయి. మూడు వారాలు నిండే సరికి చెవులు పనిచేస్తాయి. అప్పటి నుంచి 12, 14 వారాల వరకు దాని మెదడు ఒక పెద్ద లెక్క వేసుకుంటూ ఉంటుంది: ఈ లోకంలో ఏవి నావి, ఏవి నాకు ప్రమాదం? ఆ కాలంలో పరిచయమైన వాటితో జీవితమంతా స్నేహం సులభం. ఆ తలుపు మూసుకున్నాక కొత్తవన్నీ శత్రువుల్లాగే కనిపిస్తాయి. తరువాత నేర్పడం అసాధ్యమేమీ కాదు గాని, నెలల తరబడి పట్టవచ్చు.

ఇది ఊహ కాదు. అమెరికాలోని బార్ హార్బర్ అనే ఊరి ప్రయోగశాలలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే శాస్త్రజ్ఞులు 1961లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. ఎత్తయిన కంచె కట్టిన మైదానాల్లో, మనిషి కంటబడకుండా కుక్కపిల్లల్ని పెరగనిచ్చారు. కొన్నింటిని రెండో వారంలో, కొన్నింటిని మూడు, అయిదు, ఏడు, తొమ్మిది వారాల వయస్సులో లోపలికి తెచ్చి, వారం రోజులు మనుషులతో ఉంచి, మళ్ళీ మైదానంలో వదిలారు. కొన్నింటికి మాత్రం 14 వారాల దాకా మనిషి పరిచయమే లేదు. చివర చూస్తే, ఈ ఆఖరి పిల్లలు అడవి జంతువుల్లా తయారయ్యాయి. బలవంతంగా పట్టుకుంటే తప్ప దగ్గరకు చేరలేదు. అవి ముద్దుగా పెంచే మేలుజాతి కుక్కలే సుమా! జాతి ఏదైనా, ఆ వారాలు పోతే పోయినట్టే. అంటే బుడ్డోడికి మిగిలింది ఓ నెల, మహా అయితే నెలన్నర.

తొందరలో నేనే మొదటి పొరపాటు చేశాను. వాడి ఒంటినిండా బురద, గోమార్లు. వచ్చిన పూటే డ్రమ్ము వెనకనుంచి మెడపట్టి లాగి స్నానం చేయించాను. వాడు అరవలేదు, కరవలేదు. కొయ్యబారిపోయాడు. "చూశారా, ఎంత బుద్ధిమంతుడో!" అన్నాను గొప్పగా. బడిలో సైన్సు చెప్పే నేను అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. భయపడిన ప్రాణి పారిపోతుంది. దారి లేకపోతే కొయ్యబారుతుంది, లేదా ఎదురు తిరుగుతుంది. కొయ్యబారడం బుద్ధిమంతనం కాదు, భయానికి పరాకాష్ఠ. ఆ తరువాత అయిదు రోజులు నా చెప్పుల చప్పుడు వింటే చాలు, మూత్రం పోసుకొనేవాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చిన పేరు మేరీ కవర్ జోన్స్. ఈమె కుక్కలతో కాదు, పసివాళ్ళతో పనిచేసిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త. పీటర్ అనే మూడేళ్ళు నిండని పిల్లవాడికి కుందేలంటే విపరీతమైన భయం. చివరకు దూదిని చూసినా ఏడ్చేవాడు. ఆమె వాడికి ఇష్టమైన తినుబండారం పెట్టి, అది తింటూ ఉండగా పంజరంలోని కుందేలును గదిలో బాగా దూరాన ఉంచింది. తినడం ఆపనంత దూరం, అదీ కొలత. రోజురోజుకూ పంజరాన్ని కొంచెం కొంచెం దగ్గరికి జరిపింది. ఆఖరికి ఆ కుందేలు తన వేళ్ళు కొరుకుతున్నా పీటర్ నవ్వుతూ ఊరుకున్నాడు. 1924లో ఆమె ఈ వివరాలు ప్రకటించింది. తొందరపడి కుందేలును దగ్గరికి తెస్తే, కుందేలు మీద ఇష్టం పుట్టడానికి బదులు తినుబండారం మీదే భయం పుడుతుందని కూడా ఆమె హెచ్చరించింది. స్నానం చేయించిన రోజు నేను చేసింది సరిగ్గా అదే.

ఇక పని పక్కింటి అమ్మాయి చేతికి పోయింది. మా ఇల్లు పాతది, కింద షాబాదు బండలు పరిచి ఉన్నాయి. అవే మాకు కొలబద్దలు. ఆమె డ్రమ్ముకు ఆరు బండల దూరంలో, వాడి వైపు చూడకుండా పక్కకు తిరిగి కూర్చొని పాఠం చదువుకొనేది. మధ్యమధ్య ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి విసిరేది. వాడు తింటే ఆ దూరం సరైనది. ముక్క ముందున్నా తినకపోతే ఇంకో బండ వెనక్కి. నోట్‌బుక్‌లో రోజూ దూరం రాసేది. "సార్, ఇయ్యాల మూడు బండల దాకా వచ్చిండు!" అని ఎనిమిదో రోజు చెప్పింది. తొమ్మిదో రోజు కుక్కర్ కూతకు మళ్ళీ అయిదు బండలకు పోయాడు. గీత ఎక్కుతూ దిగుతూ పోయింది గాని, మొత్తం మీద మంచి వైపే నడిచింది. పదహారో రోజున వాడంతట వాడు వచ్చి ఆమె నోట్‌బుక్ అంచు నమిలాడు. నేను చూసిన సైన్సు రికార్డులన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది ఆ చిరిగిన నోట్‌బుక్కే.

కుక్కకు మాటలు రావు గాని ముఖం నిండా మాటలే. తోక కాళ్ళమధ్య దాచడం అందరికీ తెలుసు. నిద్ర రాకుండానే ఆవలించడం, ఊరికే పెదవులు నాకడం, ముఖం పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించడం - ఇవన్నీ 'చాలు, ఆపండి' అనడమే. గుర్రుమనడం ఆఖరి హెచ్చరిక. గుర్రుమన్నందుకు కొట్టవద్దు. కొడితే గుర్రుమనడం మానేసి, ఈసారి చెప్పకుండా కరుస్తుంది.

ఇంటి వరకు బాగానే ఉంది, మరి వీధి? ఇక్కడొక చిక్కు ఉంది. రక్త విరేచనాలు తెచ్చే పార్వో, ఊపిరితిత్తులనూ మెదడునూ దెబ్బతీసే డిస్టెంపర్ వైరస్‌లు వీధి మట్టిలోనూ, జబ్బు కుక్కల దగ్గరా పొంచి ఉంటాయి. టీకాలు పూర్తికాని పిల్లను నేలమీద వదలరాదు. టీకాలన్నీ అయ్యేదాకా ఇంట్లోనే ఉంచితే, స్నేహాల తలుపు మూసుకుపోతుంది. మేము వాడిని వెదురుబుట్టలో పెట్టుకొని అరుగు మీద కూర్చునేవాళ్ళం. ఆటోలు, మేకల మంద, తలపాగా కట్టిన తాతలు, గ్రానైట్ బండలు మోసుకుపోయే లారీలు అన్నీ బుట్టలోనుంచే చూశాడు. బతుకమ్మ పాటల చప్పట్లను మొదట మూడిళ్ళ అవతలి నుంచి విన్నాడు. దీపావళి టపాకాయలకు మాత్రం మేము సిద్ధం చేయలేకపోయాం. ఆ రాత్రి కిటికీలు మూసి, రేడియో పెట్టి, వాడి పక్కన కూర్చోవడం కన్నా చేయగలిగింది లేకపోయింది.

"మనుషుల్నే కుక్కలు కరుస్తుంటే, మీకీ మురిపెం ఏమిటి?" అని మా వీధిలో ఒక పెద్దాయన గట్టిగానే అడిగారు. ఆ కోపం అన్యాయమైనది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుడు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను: ఒంటరిగా వీధి కుక్కపిల్లను ఎత్తుకోవద్దు, పెద్దలకు చెప్పండి. తల్లి దగ్గరున్న పిల్లల జోలికి అసలే పోవద్దు. చిన్న కూన కరిచినా, గీరినా, సబ్బుతో పంపునీటి ధార కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి. కూనకు రేబిస్ ఉండదనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు.

అయితే ఆ పెద్దాయనతో నేను ఒక్క విషయంలో ఏకీభవించను. ఒక్కో ఆడకుక్క ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు, గర్భకాలం 63 రోజులే. సంఖ్య తగ్గాలంటే సంతాన నిరోధక శస్త్రచికిత్సలు, టీకాలే మార్గం. 2023లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నియమాలు చెప్పేదీ అదే. వాటికి మా బుడ్డోడి పెంపకం ప్రత్యామ్నాయం కాదు. కాని రాళ్ళ దెబ్బల మధ్య పెరిగి మనిషిని శత్రువుగా లెక్కవేసుకొన్న కూన, పెద్దదై భయంతో కరిచే కుక్క కావచ్చు. ఆ లెక్క మారే అవకాశం కొన్ని వారాలే ఉన్నప్పుడు, మారకముందే వదిలేయడం ఎవరికి క్షేమం?

ఇవ్వడం దగ్గర నాకు మరీ విరోధం వచ్చింది. మొదట అడిగినాయన తోట కాపలాకు కావాలన్నారు, పగలంతా గొలుసుతో కట్టేస్తామన్నారు. నేను ఇవ్వనన్నాను. పారిపోయే దారి మూసేస్తే పిరికి కుక్కకు మిగిలేది పళ్ళే కదా! "ఊరకుక్కకు గింత పరీక్షనా సార్?" అని ఆయన నొచ్చుకొని పోయారు. నా దృష్టిలో పరీక్ష కుక్కకు కాదు, తీసుకొనే వారికి. 2025 ఆగస్టు 22న వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు, ఇష్టమున్న వారు వీధికుక్కల దత్తతకు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చునంటూనే, ఆ కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూడవలసింది వారేనని చెప్పింది.

రెండోసారి అడిగినవారు ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దగ్గరి దంపతులు. వారికి వాడి గుణాలతోపాటు భయాలూ చెప్పాము: ఎత్తిన చీపురు చూస్తే పారిపోతాడు, కొత్త మగవాళ్ళను చూస్తే మంచం కిందికి పోతాడు, నెత్తి మీద నిమిరితే ముడుచుకుంటాడు, గదవ కింద గోకితే ఊరుకుంటాడు. అమ్మే సరుకు లోపాలు దాచినట్టు ఇవి దాచిపెడితే, వారంలో వాడు మళ్ళీ వీధిలో ఉంటాడు. ఆ ప్రాంతం కవ్వాల్ పులుల అభయారణ్యానికి దగ్గర కాబట్టి డిస్టెంపర్ టీకా విషయం మరీ మరీ చెప్పాము. 2018లో గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు కొన్నింటిలో ఈ వైరస్సే బయటపడింది. రేబిస్ టీకా మూడు నెలలు నిండగానే వేయించాము. ఆరు నెలలు దాటాక ఆపరేషన్ చేయిస్తామని వారు మాట ఇచ్చారు. చలికాలంలో అక్కడి రాత్రులు పది డిగ్రీల కిందికి పోతాయి గనుక, వాడు పడుకొనే పాత దుప్పటిని ఉతకకుండా బుట్టలో పెట్టాము. వాడికి ఆ వాసనే ఇల్లు.

రాయపట్నం దగ్గర గోదావరి దాటి, జన్నారం అడవి మీదుగా వాళ్ళ జీపు పోయింది. దారిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడట. పక్కింటి అమ్మాయి ఆ రోజు బడికి పోలేదు. "ఇంక కుక్కపిల్లల ముచ్చట నాకు చెప్పకుండ్రి సార్" అంది. నేనూ ఏమీ అనలేదు.

మూడు రోజులు వాడు మంచం కిందినుంచి రాలేదని ఫోనులో చెప్పారు. ఎవరూ లాగలేదట. నాలుగో రోజు ఆ ఇల్లాలు పొయ్యి దగ్గర జొన్నరొట్టె చరుస్తుంటే, ఆ చప్పుడుకు మూతి ఒక్కటి బయట పెట్టాడు. రొట్టె ముక్క దూరంగా వేసి ఆమె అటు తిరిగి కూర్చుంది. చీపురంటే ఇంకా భయమేనట. ఆమె ఊడ్చేటప్పుడు వాడిని పెరట్లోకి వదులుతోంది.