హీరో డిజిటలే, మరి డూప్ సంగతేంటి?

ఫిల్మ్‌నగర్‌లో హీరో ఇల్లెక్కడ అంటే ఏ ఆటో అన్నైనా చెప్తాడు. ఆ హీరో సినిమాకి సౌండ్ మిక్సింగ్ ఎవరు చేశారంటే మాత్రం తల గోక్కుంటాడు. మన బ్రాంచ్‌లో అనలాగ్ ఫిల్టర్ల పరిస్థితీ అంతే. ఎలక్టివ్ ఎంచుకునే రోజు వచ్చిందంటే ఒకటే మాట: "ఇప్పుడంతా డిజిటలే కదరా, ఫిల్టర్లు ఎవడు చదువుతాడు?" నేను ఒప్పుకోను.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర రెడ్ లైట్ పడగానే అందరి చేతుల్లోకీ ఫోన్లొస్తాయి. గాలిలో అందరి సిగ్నళ్లూ కలగలిసే ఉంటాయి. నా ఫోన్‌కి కావాల్సింది ఒక్క ఛానెల్. పక్కవాటి గోలని ఏడీసీకి ముందే తగ్గించకపోతే, శాంప్లింగ్‌లో అది మడతపడి నా సిగ్నల్ మీదే కూర్చుంటుంది. దాన్నే అలియాసింగ్ అంటాం. అలా కలిసిపోయాక ఎంత గొప్ప కోడ్ రాసినా విడదీయడం కష్టం. గేటు దగ్గర కాపలా అనలాగ్ ఫిల్టర్‌దే.

మన ల్యాబ్‌లో ఫిల్టర్ అంటే 741. దాని గెయిన్ బ్యాండ్‌విడ్త్ దాదాపు 1 మెగాహెర్ట్జ్. వందల మెగాహెర్ట్జ్ దగ్గర అది చేతులెత్తేస్తుంది. అందుకే చిప్‌లో ఎక్కువగా జీఎం-సీ ఫిల్టర్లు వాడతారు. జీఎం 1 మిల్లీసీమెన్స్, కెపాసిటర్ 1 పికోఫారడ్ అయితే కటాఫ్ సుమారు 159 మెగాహెర్ట్జ్. వైర్ల వల్ల 0.1 పికోఫారడ్ అదనంగా చేరిందా, 145కి దిగిపోతుంది. వేడెక్కితే జీఎం కూడా మారుతుంది.

దీనికి విరుగుడు మన సినిమావాళ్లకి బాగా తెలిసినదే: డూప్! అదే చిప్ మీద, అవే సెల్స్‌తో ఒక ఆసిలేటర్ కట్టి, దాన్ని క్రిస్టల్ క్లాక్‌కి లాక్ చేస్తారు. దెబ్బలన్నీ డూప్ తింటాడు. తేలిన కంట్రోల్ వోల్టేజ్ అసలు ఫిల్టర్‌కి వెళ్తుంది. పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రెండూ దాదాపు ఒకేలా మారతాయి.

ఇదేదో అమెరికావాళ్ల గొడవ అనుకోకండి. ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ శాంతి పవన్, యానిస్ సివిడిస్‌తో కలిసి డిజిటల్ సీమాస్‌లో హై ఫ్రీక్వెన్సీ ఫిల్టర్ల మీద 2000లోనే పుస్తకం రాశారు. ఆయన పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితం. 2020 నుంచి స్కైవాటర్ 130 నానోమీటర్ పీడీకే కూడా ఉచితమే. ఎన్‌జీస్పైస్ ఉంటే చాలు.

కాబట్టి నా డిమాండ్ ఒక్కటే. 741 ప్రయోగం ఉండనివ్వండి, దాని పక్కన ఒక జీఎం-సీ ఫిల్టర్ సిమ్యులేషన్ పెట్టండి. ప్రాసెస్ కార్నర్లు, టెంపరేచర్ మార్చి కటాఫ్ ఎంత జరిగిందో రికార్డులో రాయమనండి. లెక్క ప్రకారం రావాల్సిన సంఖ్య ఎందుకు రాలేదో తేల్చుకోవడమే ఇంజినీరింగ్. పక్కవాడి రికార్డు చూసి రీడింగులు దించితే అది వచ్చేది కాదు.