డిస్కు పోడి అయితే పొలం పోదు

ఈ శీర్షికకు ఒక సోదరి పంపిన ప్రశ్న ఇది: "మా ఇంటి కంప్యూటరులో విండోస్ 10 తీసి 11 వేసుకున్నాము. మరునాటి నుండి సి డ్రైవులో ఇరవై జీబీ దాకా తగ్గి కనిపిస్తున్నది. పైగా ఇంతకు ముందు లేని ఒక చిన్న డ్రైవు, ఒక జీబీ కూడా లేనిది, కొత్తగా వచ్చి కూర్చున్నది. అది నిండిపోయిందని ఎర్రగీత చూపుతున్నది. తెలిసినవారిని అడిగితే అంతా చెరిపేసి మళ్ళీ వేయిస్తే సరిపోతుందంటున్నారు. అందులో మా నాయన భాగపత్రమూ, సోలారు పార్కుకు పొలం కౌలుకిచ్చిన కాగితాలూ, పిల్ల పెండ్లి ఫోటోలూ ఉన్నవి. చెరిపించమంటారా?"

వద్దమ్మా. తొందరపడి చెరిపించవద్దు. మీ కాగితాలు నూటికి తొంభైపాళ్ళు ఉన్నచోటనే ఉన్నవి. ఎందుకలా చెప్పగలుగుతున్నానో వివరిస్తాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు కంపెనీవారి మామూలు మద్దతు ముగిసింది. కనుక ఎన్నో ఇండ్లలో ఈ మార్పు జరుగుతున్నది. ఈ సందేహం మీ ఒక్కరిదే కాదు.

మొదట ఒక మాట స్పష్టం కావాలి. డిస్కు వేరు, డ్రైవు వేరు. కంప్యూటరు లోపల ఉన్న వస్తువు డిస్కు. సి, డి అని మనకు తెరమీద కనబడేవి ఆ డిస్కులో గీసుకున్న భాగాలు. ఆ భాగాన్ని పార్టిషన్ అంటారు. ఫైళ్ళు పెట్టుకునేందుకు సిద్ధమైన భాగాన్ని వాల్యూమ్ అంటారు. పార్టిషన్ అన్న మాట మనకు కొత్త కాదు. అన్నదమ్ములు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి వ్రాయించుకునేది పార్టిషన్ డీడే గదా!

మా పావగడ తాలూకా వారికి ఇంకొక పోలిక చెబితే బాగా తెలుస్తుంది. ఒక సర్వే నంబరును విడగొట్టి, దానిని 1, 2 అని విడివిడి నంబర్లు చేయడాన్ని కర్ణాటకలో రెవెన్యూవారు 'పోడి' అంటారు. సరిహద్దు దాటి ఆంధ్రవైపు పోతే దానినే సబ్‌డివిజన్ అంటారు. ఇక్కడి పహణి అక్కడ అడంగల్ అయినట్టే. పోడి జరిగిన తరువాత పాత నంబరు మీద వెదికితే విస్తీర్ణం తక్కువగా కనిపిస్తుంది. అంతమాత్రాన భూమిని ఎవరూ ఎత్తుకుపోలేదు. నక్షా చూస్తే ఏ తునక ఏ నంబరులో ఉన్నదో తెలుస్తుంది. అప్‌డేటు కూడా ఒక్కొక్కప్పుడు డిస్కుకు పోడి చేస్తుంది. దాని నక్షా మీ కంప్యూటరులోనే ఉన్నది. స్టార్టు బొమ్మ మీద మౌసు కుడివైపు మీట నొక్కితే వచ్చే పట్టికలో 'డిస్క్ మేనేజ్‌మెంట్' అని ఉంటుంది. అది తెరిస్తే డిస్కు మొత్తం అడ్డంగా పరచి, ఏ తునక ఎంతో చూపుతుంది. చూడడానికి మాత్రమే తెరవండి. 'ఫార్మాట్', 'డిలీట్ వాల్యూమ్' అనే మాటల జోలికి పోవద్దు.

ఆ నక్షాలో మామూలుగా నాలుగు తునకలుంటవి. యంత్రం మేలుకొనేటప్పుడు చదువుకునే చిన్న భాగం ఒకటి, సుమారు 100 ఎంబీ. విండోస్ తన అవసరానికి ఉంచుకున్నది 16 ఎంబీ. ఇది ఆ నక్షాలో కూడా కనబడదు. తరువాత మన సి. చివరగా రికవరీ భాగం, అర జీబీ నుండి ఒక జీబీ దాకా. విండోస్ చెడిపోయినప్పుడు బాగుచేసుకునే సామాను అందులో ఉంటుంది. విండోస్ 11కు మారేటప్పుడు పాత రికవరీ భాగం చాలకపోతే, సి లోనుండి కొంత కోసి కొత్త రికవరీ భాగం ఏర్పరుస్తుంది. సి కొంచెం కురచ కావడానికి అది ఒక కారణం.

కొత్తగా వచ్చిన చిన్న డ్రైవు సంగతి కూడా ఇదే అయివుండవచ్చును. రికవరీ భాగానికి సాధారణంగా అక్షరం ఉండదు, కనుక మనకు కనబడదు. 2018 ఏప్రిల్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేటు తరువాత చాలా యంత్రాలలో దానికి పొరపాటున ఒక అక్షరం వచ్చి కూర్చున్నది. అది పుట్టుకతోనే నిండుగా ఉండేది గనుక, చోటు లేదు, చోటు లేదు అని మాటిమాటికీ హెచ్చరిక వచ్చేది. వ్యాధి ఏమీ లేదు, పేరుపలక తప్పుగా తగిలించారు, అంతే. పలక తీసివేస్తే చాలును, గది కూల్చనక్కరలేదు. ఆ భాగాన్నే చెరిపేస్తే రేపు విండోస్ మొరాయించిన నాడు చికిత్సకు సామాను ఉండదు. అది చిన్నదైతే మరొక చిక్కు. 2024 జనవరిలో వచ్చిన ఒక భద్రతా అప్‌డేటు, రికవరీ భాగంలో చోటు చాలక ఎన్నో యంత్రాలలో ఎక్కలేదు. దానిని 250 ఎంబీ పెంచుకొమ్మని మైక్రోసాఫ్టువారు చెప్పవలసివచ్చింది.

ఇక తగ్గిన ఇరవై జీబీ. పెద్ద అప్‌డేటు పాత విండోస్‌ను వెంటనే పారవేయదు. 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డరులో కట్టి పది రోజులు అట్టిపెడుతుంది. కొత్తది మీకు సరిపడకపోతే ఆ పది రోజులలోగా వెనక్కు పోవచ్చును. తరువాత అదే తొలగిపోతుంది. అది పది, ఇరవై జీబీ ఉండడం సామాన్యం. మీ లెక్క దీనితోనే సరిపోతుందని నా అభిప్రాయం. గడువు దాటినా పోకపోతే, సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అని వరుసగా తెరిచి, పాత విండోస్‌ను అక్కడినుండే తీసివేయాలి. తీసే ముందు మీ కాగితాలన్నీ కొత్తదానిలో తెరుచుకుంటున్నవో లేదో ఒక్కొక్కటే చూసుకోండి.

ఇంకొక చిన్న లెక్క. 2019లో వచ్చిన 1903 అనే విండోస్ నుండి కొత్త యంత్రాలలో సుమారు 7 జీబీ అప్‌డేట్ల కోసమని ముందే ఎత్తిపెడుతున్నారు. శెనక్కాయలు ఎన్ని పండినా విత్తనానికి కొన్ని మూటలు విడిగా కట్టిపెడతాము గదా, అటువంటిది. ఇల్లు గడవడానికి దానిమీద చేయివేయము. కాని మూటలు ఇంట్లోనే ఉంటవి.

కొలతల తేడా కూడా కొందరిని భయపెడుతున్నది. పెట్టెమీద 500 జీబీ అని వ్రాసిన డిస్కు విండోస్‌లో 465 అని కనబడుతుంది. తయారుచేసినవారు వేయి లెక్కన కొలుస్తారు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. రాశి ఒక్కటే, సేరు పెద్దది. ఆపిల్‌వారు 2009లో స్నో లెపర్డ్ అనే అప్‌డేటుతో తమ సేరును మార్చి వేయి లెక్కకు తెచ్చారు. అంతవరకు 465 చూపిన డిస్కే మరునాడు 500 చూపింది. అప్పుడు సంతోషించినవారికీ కొత్తగా ఒక్క గింజా రాలేదు!

బెంగుళూరులోనో పైదేశాలలోనో ఉన్న మన పిల్లల వద్ద మాక్ యంత్రాలుంటవి. అక్కడ కూడా పోడి జరిగింది. 2019 అక్టోబరులో వచ్చిన కాటలినా, ఒక్కటిగా ఉన్న డిస్కును రెండు వాల్యూములు చేసింది. ఒకటి ఆపిల్‌వారి సరంజామాకు, రెండవది మన ఫైళ్ళకు. మొదటిది గర్భగుడి వంటిది. మనం చూడవచ్చును గాని లోపల ఏదీ మార్చలేము. 2020 నవంబరులో వచ్చిన బిగ్ సర్ దానికి ముద్ర కూడా వేసింది. ఈ రెండు వాల్యూములూ ఒకే ఖాళీ చోటును పంచుకుంటవి. కనుక రెండింటి దగ్గరా కనబడే ఖాళీని కూడి, రెట్టింపు ఉన్నదని లెక్కవేసుకోకూడదు. ఉమ్మడి బావి నీళ్ళను ఇద్దరు అన్నదమ్ములూ తమవిగా వ్రాసుకున్నట్టవుతుంది.

ఇంతవరకు భయం వద్దని చెప్పాను. అసలు భయపడవలసినది కూడా చెప్పకపోతే న్యాయం కాదు. 2018 అక్టోబరులో వచ్చిన 1809 అనే అప్‌డేటు కొందరి ఫైళ్ళను నిజంగానే తుడిచివేసింది. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డరును సి నుండి వేరే చోటికి మార్చి, కొన్ని కాగితాలు పాతచోటనే వదిలినవారు ఉంటారు. ఆ అప్‌డేటు పాత ఫోల్డరు అక్కరలేదనుకొని లోపల ఉన్నవాటితో సహా తీసివేసింది. అక్టోబరు 6న మైక్రోసాఫ్టువారు దానిని నిలిపివేసి, సరిచేసి, నవంబరు 13న మళ్ళీ విడుదల చేశారు. ఇది అరుదు. కాని తమ కాగితం పోయినవారికి అరుదు అన్న మాట ఓదార్పు కాదు.

రెండవది తాళం. బిట్‌లాకర్ అనే తాళం వేసిన డిస్కు, అప్‌డేటు తరువాత ఒక్కొక్కప్పుడు 48 అంకెల తాళపుచెవి అడుగుతుంది. 2024 జూలై అప్‌డేటు తరువాత కొన్ని యంత్రాలు అలాగే అడిగినవి. ఆ అంకెలు లేకపోతే ఎంతటి పనివాడూ డిస్కు తెరవలేడు. కొన్ని యంత్రాలకు ఈ తాళం మనకు తెలియకుండానే పడివుంటుంది. అవి చాలావరకు మీ మైక్రోసాఫ్టు ఖాతాలో భద్రంగా ఉంటవి. ముందే చూసి, కాగితం మీద వ్రాసి, పట్టా కాగితాలతోపాటు పెట్టెలో పెట్టండి.

కనుక సోదరీ, మీరు చేయవలసిన పని వరుసగా చెబుతాను. మొదట భాగపత్రం, కౌలు కాగితాలు, ఫోటోలు ఒక పెన్‌డ్రైవులోకో బయటి డిస్కులోకో నకలు తీసుకోండి. ఆ నకలు వేరే యంత్రంలో తెరిచి చూడండి. తెరుచుకోని నకలు నకలు కాదు. తరువాత నక్షా చూసి, తునకల పరిమాణం ఒక చీటీమీద వ్రాసుకోండి. పది రోజులు ఓపిక పట్టి సి ఎంత పెరిగిందో చూడండి. బయటి డిస్కు అక్షరం డి నుండి ఇ కి మారి లెక్కల ప్రోగ్రాము ఏమీ దొరకలేదంటే, లెక్కలు పోయాయని కాదు. పాత అక్షరం తిరిగి ఇస్తే సరిపోతుంది. ఇవన్నీ అయిన తరువాత కూడా చెరిపించక తప్పదని తోస్తే, అప్పుడు చెరిపించినా మీకు నష్టం లేదు.

నకలు తీయకుండా మాత్రం ఎవరు చెప్పినా డిస్కును వారి చేతికి ఇవ్వకండి. పూర్వపు డిస్కులలో చెరిపినది కొంతవరకు తిరిగి దొరికేది. ఇప్పటి ఎస్.ఎస్.డి. డిస్కులలో అది మిక్కిలి కష్టం. విండోస్‌ను ఎన్నిసార్లయినా మళ్ళీ వేసుకోవచ్చును. మీ నాయన సంతకం ఉన్న కాగితం ఎక్కడా దిగుమతి కాదు.

వచ్చే మాసం ఫోనులో నిండిపోయే చోటు గూర్చి ముచ్చటించుకుందాము. సందేహాలు ఉన్నవారు తమ యంత్రం పేరు, అప్‌డేటు తేదీ, డ్రైవుల పరిమాణం వ్రాసి పంపితే జవాబు చెప్పడం సులభంగా ఉంటుంది.