దారిలో జారిపోయిన మాట

గలిలయ ప్రాంతంలోని సముద్రతీరం. వలలో 153 చేపలు పడిన ఉదయం. ఒడ్డున భోజనం ముగిశాక, తోటి శిష్యుణ్ణి చూసి, ఇతని సంగతేమిటని పేతురు ప్రభువును అడిగాడు. తాను వచ్చేదాకా అతడు ఉండటం తనకిష్టమైతే నీకేమిటని ప్రభువు బదులిచ్చాడు. ఆ మాట నోటినోటా పాకి ‘ఆ శిష్యుడు చావడట’ అన్న వార్త అయింది. ‘ఇష్టమైతే’ అన్నది దారిలోనే జారిపోయింది. ప్రభువు అలా అనలేదని సువార్తే సరిదిద్దవలసి వచ్చింది (యోహాను 21:23).

మైపాడు ఒడ్డున పడిన చేప నెల్లూరు చేరేసరికి రెండింతలవుతుంది. కబుర్లలో అది సరదాయే, విశ్వాసంలో మాత్రం ప్రమాదం. క్రిస్మస్ నాటకాల్లో పశువుల పాక ముందు ముగ్గురు జ్ఞానులు మోకరిస్తారు. వారెందరో మత్తయి చెప్పలేదు. కానుకలు మూడు గనుక జ్ఞానులూ ముగ్గురయ్యారు. వారు వెళ్లింది పాకలోకి కాదు, ఇంట్లోకి (మత్తయి 2:11). గస్పారు, మెల్కియోరు, బల్తసారు అన్న పేర్లు శతాబ్దాల తర్వాత చేరినవి. ఇవి చిన్న సంగతులే అనిపించవచ్చు. కానీ తాను విన్నది బైబిల్లో లేదని ఎదిగిన బిడ్డ గ్రహించిననాడు, అందులో ఉన్నదాన్ని కూడా సందేహిస్తాడు.

చేర్చడమే కాదు, తీసేయడమూ ఉంది. 1840లో నెల్లూరులో మొదలైన బాప్టిస్టు మిషనును మూసేయాలన్న ఆలోచన 1853లో అమెరికాలో చర్చకు వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండపై, ఆ ఊరికి ఒక దైవసేవకుణ్ణి పంపమని ప్రార్థన జరిగింది. ఆ ఘట్టం చెప్పుకునేటప్పుడు ఎక్కువగా జూయెట్ దొరగారి పేరే వినిపిస్తుంది. కొండెక్కింది ఐదుగురు. జూయెట్ దంపతులతో పాటు క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు అనే స్థానిక విశ్వాసులూ మోకరించారు. మన సంఘ చరిత్రలో మనవారి పేర్లను మనమే రాల్చేసుకోవడం న్యాయమా?

నోటిమాటను తక్కువ చేయడం లేదు. సువార్తలు రాతకెక్కకముందు దశాబ్దాలపాటు నోటిమాటగానే బతికాయి. తాను పొందినదాన్నే అప్పగించానని పౌలు రాశాడు (1 కొరింథీ 15:3). అక్షరం రాని మన పెద్దలు కూడా విని, పాడి, విశ్వాసాన్ని మనకందించారు. పొందినదాన్ని అప్పగించడం వేరు, పెంచి అప్పగించడం వేరు.

పౌలు మాటనే బెరయవారు లేఖనాలతో సరిచూశారు. అందుకు వారిని లేఖనం మెచ్చుకుంది (అపొ.కా. 17:11). ప్రసంగించే మా మాటను, సాక్ష్యం చెప్పేవారి మాటను సంఘం అలాగే సరిచూడాలి. అది అవమానం కాదు, ఆరోగ్యం. ఈ ఆదివారం ఆరాధనలో విన్న భాగాన్ని ఇంట్లో పిల్లలతో మళ్లీ చదివిద్దాం. ఒక్క ‘ఇష్టమైతే’నైనా మన చేతుల్లోంచి జారనివ్వకుందాం.