రేవు మూసిన చోట నది ఎవరిది?

2027లో గోదావరి పుష్కరాలు, ఆ మరుసటి ఏడాది కృష్ణా పుష్కరాలు. ఘాట్ల అంచనాలు, మెట్ల టెండర్లు, ఏర్పాట్లపై సమీక్షలు యథావిధిగా సాగుతాయి. పన్నెండేళ్లకోసారి పన్నెండు రోజులపాటు నది ప్రజలందరిదీ అవుతుంది. ఆ పన్నెండు రోజుల్లోనూ వీఐపీలకు వేరే ఘాటు ఉంటుందనుకోండి, అది వేరే సంగతి. మిగిలిన కాలమంతా నదికి వెళ్లే దారి ఎవరి చేతిలో ఉంటుంది, ఆ దారిన ఎవరు నడవగలుగుతారు అన్న ప్రశ్నకు మాత్రం ఏ సమీక్షలోనూ చోటుండదు.

ఈ ప్రశ్న నా ముందుకు అనుకోని వైపు నుంచి వచ్చింది. నేను పాఠం చెప్పే కళాశాలలో కొందరు విద్యార్థులు తెడ్డు పడవల క్లబ్బు పెట్టుకోవాలనుకున్నారు. చందాలు వేసుకుని రెండు మూడు కయాక్‌లు కొనాలని, ఆదివారాలు కృష్ణలో తెడ్డు వేయడం నేర్చుకోవాలని వారి కోరిక. నియమావళి రాసిపెట్టమని నా వద్దకు వచ్చారు. పడవ నీటిలోకి ఎక్కడ దించుతారని అడిగాను. రెండు వారాలు ఒడ్డు వెంట తిరిగి వచ్చారు. ఒకచోట టికెట్టు గేటు, ఒకచోట రిసార్టు ప్రహరీ, ఇంకొకచోట ఇసుక ర్యాంపు, మిగిలిన చోట్ల ముళ్లకంచె. లారీ నదిలోకి దిగడానికి దారి ఉంది, మనిషి దిగడానికి లేదు.

కులం గురించి రాసేవాడికి పడవ ఆటతో పనేమిటని అడిగేవారుంటారు. నా మటుకు నాకు నది అంటే మొదట గుర్తొచ్చేది నీళ్లు కాదు, రేవులు. మా ఊళ్లో ఏటి ఒడ్డున రేవులు ప్రవాహం వరుసలోనే ఉండేవి. ఎగువన పెద్దరేవు, దాని దిగువన మిగతా కులాల రేవు, ఆ కింద చాకిరేవు, ఆ తరువాత గొడ్లు దిగే పల్లం, అన్నిటికీ దిగువన మా పల్లె రేవు. పైవారు స్నానం చేసిన నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు, పశువులు కలచిన నీళ్లు దాటి వచ్చినవే మా కుండల్లోకి చేరేవి. ఏ శాసనమూ ఆ వరుసను రాయలేదు. నీరు పల్లమెరిగినట్టు కులం కూడా ఎగువా దిగువా ఎరిగి ఒడ్డున కూర్చుంది. నది మధ్యలో ఏ కులమూ లేదు, ఎవరూ గీత గీయలేరు. గీసేదంతా ఒడ్డుమీదనే.

ఆ గీత దాటడానికి ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో ఈ నేలకు తెలుసు. 1985 జూలైలో కారంచేడులో మాదిగల మంచినీటి చెరువును మురికి చేయవద్దని ఒక స్త్రీ బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు, 17వ తేదీన, ఆరుగురి ప్రాణాలు పోయాయి. నీటి దగ్గర మాట్లాడిన మాటకు నెత్తురుతో బదులిచ్చిన ఊరు అది.

అంతకు ఆరు దశాబ్దాల ముందు మహద్‌లో జరిగింది ఇంకొక పాఠం. బొంబాయి శాసనమండలి ప్రజాధనంతో నిర్వహించే నీటి వనరులు అందరికీ తెరవాలని 1923లో తీర్మానించింది. మహద్ పురపాలక సంఘం కూడా మరుసటి ఏడాది తన చవదార్ చెరువును తెరుస్తున్నట్టు ప్రకటించింది. కాగితం మీద హక్కు వచ్చింది, చెరువులో చెయ్యి పెట్టినవాడు లేడు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాది మందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగిన తరువాతే ఆ హక్కుకు ప్రాణం వచ్చింది. అగ్రవర్ణులు వెంటనే కోర్టుకెక్కారు. చెరువు తమ సొంతమని, అస్పృశ్యులను రానివ్వని ఆచారం అనాదిగా ఉందని వారి వాదన. పదేళ్లు నడిచిన ఆ వ్యాజ్యంలో 1937లో బొంబాయి హైకోర్టు అంబేడ్కర్ పక్షాన తీర్పు చెప్పింది. అంటరానితనం కోర్టు మెట్లెక్కినప్పుడు మొదట పట్టుకున్న ఆయుధం శాస్త్రం కాదు, సొంత ఆస్తి అన్న మాట. విద్యార్థులు గమనించవలసింది ఇక్కడే.

మన శాసనాలను ఈ దృష్టితో చదవాలి. రాజ్యాంగం 15(2) అధికరణ కులం పేరిట ఎవరినీ బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రహదారుల నుంచి వెళ్లగొట్టరాదని చెప్పింది. అయితే అవి పూర్తిగానో కొంతో ప్రభుత్వ నిధులతో నిర్వహించేవి కావాలి, లేదా ప్రజల వినియోగానికి అంకితమైనవి కావాలి. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టంగా పుట్టి, తరువాత పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకున్న శాసనం నదిని పేరు పెట్టి ప్రస్తావించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో వచ్చిన సవరణ కూడా నదిని, ఉమ్మడి వనరులను ప్రస్తావించింది. కానీ ఈ రక్షణకంతటికీ ఆధారం ఒక్కటే: ఇతర ప్రజలకు వెళ్లే హక్కున్న చోటికి నిన్ను రానివ్వకపోతే నేరం. ఇతర ప్రజలకే హక్కు లేకుండా పోతే? ఒడ్డును ముప్పై ఏళ్ల లీజుకు ఇచ్చేసి గేటు పెట్టి టికెట్టు కడితే? అప్పుడు గేటు దగ్గర ఎవరూ కులం అడగరు. అడగవలసిన అవసరం ఉండదు. కుటుంబానికి రెండు రోజుల కూలి ఎంతో టికెట్టు అంత ఉంటే చాలు, పాత రేవుల వరుస మళ్లీ తయారవుతుంది, ఈసారి చట్టానికి దొరక్కుండా. నది ప్రజలదిగా మిగలకపోతే అంటరానితనం మీద గెలిచిన శాసనాలకు పట్టుకోవడానికి కొమ్మే మిగలదు.

నదీగర్భాలు ప్రభుత్వ ఆస్తి అని 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం ఏనాడో చెప్పింది. ప్రభుత్వాలకు ఆ మాట బాగా గుర్తుంది. బియాస్ నది ఒడ్డున ఒక రిసార్టు కోసం నది దారినే మళ్లించిన వ్యవహారంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో చెప్పిన మాట మాత్రం గుర్తుండదు. నదులు, అడవులు, తీరాల వంటివాటికి ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే, ప్రైవేటు ప్రయోజనానికి వాటిని అప్పగించే అధికారం దానికి లేదు, అని ఆ తీర్పు సారాంశం. అక్కడ లీజు రద్దయింది. తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల కేసులో 2006లో ఇదే సూత్రాన్ని కోర్టు మళ్లీ ఉటంకించింది, కాని అప్పటికే లేచిన కట్టడాలను కూల్చమనలేదు. ధర్మకర్తృత్వం మనదాకా వచ్చేసరికి కాస్త మెత్తబడిందన్నమాట.

ఇక నదిని ఎరిగినవారి మాట. బెస్తలు, పల్లెకారులు, గంగపుత్రులు, అగ్నికులక్షత్రియులు, జాలరులు, యానాదులు తరతరాలుగా నీటి మీద బతికినవారు. సుడి ఎక్కడుందో, ఏ నెలలో ఏ పాయ ఎండుతుందో వారికి తెలుసు. వారికి దక్కిందేమిటి? నెల్లూరు జిల్లా పెద్ద చెరువుల చేపల హక్కును బహిరంగ వేలానికి పెట్టిన జీవో 217కు వ్యతిరేకంగా 2022లో మత్స్యకారులు వీధికెక్కవలసి వచ్చింది. తెలంగాణలో గంగపుత్రులు, ముదిరాజులు సొసైటీ సభ్యత్వం కోసం ఒకరితో ఒకరు తగాదా పడుతున్నారు. కట్టమీద గుడిసె వేసుకున్న యానాదికి ఏ తగాదాలోనూ భాగం లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటక పడవ మునిగినప్పుడు నాటు పడవలేసుకుని పరుగెత్తి ప్రాణాలు కాపాడింది అక్కడి గిరిజనులు. ఆ ప్రమాదం తరువాత నిబంధనలు బిగించారు, బిగించవలసిందే. అయితే పర్యాటక సంస్థ పడవకు, చేపల పడవకు, విద్యార్థుల కయాక్‌కు ఒకే తీరు అనుమతి పత్రం అడిగితే, కార్యాలయాల చుట్టూ తిరగగలిగిన సంస్థకు అనుమతి వస్తుంది, ప్రాణం కాపాడిన నాటు పడవ చట్టవిరుద్ధమవుతుంది.

ఒక మాట ఇక్కడ దాచకుండా చెప్పాలి. మత్స్యకార కులాల వృత్తి హక్కు, దళితుల ప్రవేశ హక్కు ఒకటి కావు. మా ఊళ్లో వల వేసే హక్కు లేదని మా వాళ్లను ఒడ్డునుంచి తరిమినవారిలో పెద్ద కులాలవారే కాదు, పడవ ఉన్న వెనుకబడిన కులాలవారూ ఉన్నారు. నదిని కాపాడే ఉద్యమం ఈ ఇద్దరి మధ్య మౌనం మీద కట్టుకుంటే నాలుగు రోజులు కూడా నిలవదు. దీనికి కేరళలో ఒక మంచి పూర్వం ఉంది. 1913లో కొచ్చిలో పులయలు సభ జరుపుకుందామంటే కాలు మోపే చోటు ఇచ్చేవారు లేకపోయారు. వారు కాయలులోకి వెళ్లి, పడవలను పక్కపక్కన కట్టి, ఆ వేదిక మీద సభ జరుపుకున్నారు. కాయల్ సమ్మేళనమని దాన్ని ఇప్పటికీ తలచుకుంటారు. ఆ ప్రయత్నానికి వెన్నుదన్నుగా నిలిచినవాడు పండిట్ కరుప్పన్, చేపలు పట్టే కులంలో పుట్టిన కవి. నేల మీద గీతలు గీసిన కులానికి నీటి మీద చేతకాలేదు. అందుకు కావలసిందల్లా పడవ ఉన్నవాడు పడవ లేనివాడికి చోటివ్వడమే.

పడవ క్రీడలవారు తమ పక్షమేదో ముందే తేల్చుకోవాలని ఇంగ్లండు అనుభవం చెబుతుంది. అక్కడ పోటుపాట్లు తగలని నదుల గర్భం చాలావరకు ఒడ్డు భూస్వాములది. నూటికి నాలుగు వంతుల నదీమార్గాల మీద మాత్రమే వివాదం లేని పడవ హక్కు ఉందని అక్కడి పడవ క్రీడాకారుల సంఘమే చెబుతోంది. పక్కనే స్కాట్లాండులో 2003 భూసంస్కరణల చట్టం బాధ్యతగా మెలిగే ప్రతివారికీ లోపలి జలాల మీద ప్రవేశ హక్కు ఇచ్చింది. ఇంగ్లండు క్లబ్బులు అందుకే వారాంతపు ఆటను హక్కుల ఉద్యమంగా మార్చుకున్నాయి. అక్కడ భూస్వామి పోషించిన పాత్రను ఇక్కడ లీజుదారు పోషిస్తున్నాడు. మన క్లబ్బులు ఆ లీజుదారుకు ఖాతాదారులై సభ్యత్వ రుసుము పెంచుకుంటూ పోవచ్చు, లేదా ఒడ్డు తెరవమని అడిగేవారి వరుసలో నిలబడవచ్చు. రెండూ ఒకేసారి కుదరవు. హుస్సేన్ సాగర్‌లో ప్రభుత్వ బడి పిల్లలకు తెరచాప పడవ నేర్పితే వారు జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు. కాబట్టి ఇది డబ్బున్నవారి ఆట అన్న మాట నిజం కాదు. డబ్బున్నవారికే ఒడ్డు అందుబాటులో ఉంచామన్నది నిజం.

మా విద్యార్థుల నియమావళి చివరికి రెండు పేజీలయింది. అందులో వారు స్వయంగా చేర్చిన నియమాలు మూడు. తెడ్డు నేర్పేవారు ఒడ్డు పల్లెల మత్స్యకారులే అయివుండాలి, వారికి గురుదక్షిణ కాదు, జీతం ఇవ్వాలి. సభ్యుల్లో సగం మంది దళిత, గిరిజన, మత్స్యకార కుటుంబాల పిల్లలు ఉండాలి. టికెట్టు గేటు లోపలినుంచి క్లబ్బు పడవ ఎన్నడూ నీటిలోకి దించరాదు. ఈ మూడో నియమం వల్ల కయాక్‌లు ఇంతవరకు ఒక ఇంటి పెరట్లో గోడకు ఆనించి ఉన్నాయి. పాత పల్లె రేవుకు దారి చూపే గ్రామ పటం నకలు కోసం వారు తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టారు, సమాచార హక్కు కింద ఒడ్డు లీజు ఒప్పందాలూ అడిగారు. పుష్కర నిధులతో కట్టే ప్రతి ఘాటు పక్కన ఎవరైనా పడవ దించుకునే ఉచిత ర్యాంపు ఉండాలని, ఇకపై ఇచ్చే ప్రతి తీరపు లీజులో పాత రేవు దారిని ప్రజల దారిగా మినహాయించాలని, ఉన్న లీజులను గ్రామసభల ముందు పెట్టాలని కలెక్టరుకు రాసిన వినతిపత్రం మీద సంతకాలు సాగుతున్నాయి. పల్లెలో మొదటి సంతకం బల్లకట్టు నడిపిన ముసలాయనది. రెండోది చాకిరేవు వాళ్లది.