పన్నురూక మీది ముఖము



గత మాసము హిందూపురంలో ఆదివారపు ఆరాధన ముగించుకొని గుడి బయట నిలిచియుండగా, ఒక యౌవనస్థుడు మా చేతిలో చిన్న కాగితపు పొట్లము పెట్టాడు. విప్పి చూస్తే నల్లబడిన వెండి బిళ్ళ. ఒక ప్రక్క పురుషుని తల, రెండవ ప్రక్క పీఠముపై కూర్చున్న స్త్రీ.

"అయ్యగారూ, ప్రభువు అడిగి తెప్పించుకొని చూసిన పన్నురూక ఇట్లాంటిదేనంట. పెనుకొండలో ఒకాయన దగ్గర నాలుగు వేలకు కొన్నాను" అన్నాడు.

అతని వెనుక నిలిచిన తల్లి ముఖములో సంతోషము లేదు. "పట్టుగూళ్ళు అమ్మిన దుడ్డు అయ్యగారూ. చిన్నమ్మి ఫీజుకని ఎత్తిపెట్టింటి" అన్నది.

పాత నాణెములంటే మాకు చిన్ననాటినుండి మోజు ఉన్నదని సంఘములో అందరికీ తెలుసు. అందుకే మా యొద్దకు తెచ్చారు. అప్పటికప్పుడు ఏమీ చెప్పక, వారము దినములు గడువు అడిగి ఇంటికి తీసుకొనిపోయాము.

మత్తయి 22వ అధ్యాయములో పరిసయ్యుల శిష్యులు, హేరోదీయులు తెచ్చి చూపిన దేనారము తిబెరి కైసరు వేయించినదై యుండవచ్చునని చాలామంది పండితుల తలంపు. దానిమీది పైవ్రాత ఏమిటో తెలిస్తే ఆ సంభాషణ మరింత బాగా అర్థమవుతుంది. తల చుట్టూ ఉన్న లాటిను అక్షరాలకు భావము ఇది: తిబెరి కైసరు, దైవమైన ఔగుస్తు కుమారుడు. వెనుక ప్రక్కన 'ప్రధాన యాజకుడు' అను బిరుదు, కూర్చున్న స్త్రీ బొమ్మ. తన్నుతాను దేవుని కుమారుడనని చెప్పుకొనే రాజు బొమ్మను, నిజమైన దేవుని కుమారుని యెదుట పెట్టారన్నమాట. ద్రాక్షతోట ఉపమానములో కూలివానికి ఒక దినమునకు ఇచ్చినది కూడా ఒక దేనారమే.

ఈ దేనారములు మన తెలుగునేలకు కుండలకొలది వచ్చాయి. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఔగుస్తు, తిబెరి కాలపు వెండి నాణెములు 1500కు పైగా ఒక్కచోట దొరికాయి. నంద్యాలలో 1932లో 52 రోమను బంగారు నాణెములు బయటపడ్డాయి. మిరియాలకు, సన్నని నూలుబట్టలకు, రత్నములకు రోమా వర్తకులు చెల్లించిన వెల అది. వీటన్నిటికంటె మా మనస్సును పట్టుకొన్నది నెల్లూరు సంగతి. 1786లో అక్కడొక రైతు దున్నుతుండగా నాగలి ఇటుకల కట్టడానికి తగిలింది. త్రవ్వి చూస్తే పాత దేవాలయపు శిథిలాలు, వాటి క్రింద చిన్న కుండ, దానినిండా రోమను బంగారము. పాపము, ఆ రైతు వాటిని పాత బంగారముగా అమ్ముకొన్నాడు. చాలా నాణెములు కరిగిపోయాయి. ముప్పదికి పైగా మాత్రము మిగిలాయి. వాటిలో ట్రాజను, హేడ్రియను చక్రవర్తుల ముఖాలు, రాణి ఫౌస్టీనా ముఖము ఉన్నవి. కొన్నిటికి రంధ్రాలున్నవి. మన స్త్రీలు కాసులపేరు వేసుకొన్నట్టే వాటిని ఎవరో మెడలో ధరించారు!

ఇంతకూ మా చేతిలోని బిళ్ళ మాటేమిటి? రోమావారు నాణెమును పోత పోయలేదు. వెండి బిళ్ళను రెండు అచ్చుల నడుమ పెట్టి సుత్తితో కొట్టేవారు. ఈ బిళ్ళ అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉన్నది. భూతద్దములో చూస్తే ఉపరితలమంతా చిన్న చిన్న బుడగల గుంటలు. రెండూ పోతకు గురుతులే. కంసాలి త్రాసులో అయిదు గ్రాములు దాటింది. తిబెరి దేనారము 3.7, 3.8 గ్రాములు మాత్రమే తూగుతుంది.

అయినను ముఖము చూడనిదే తీర్పు చెప్పకూడదనుకొన్నాము. రోమా చక్రవర్తుల పాలరాతి తలలు అనేకము దొరికినా, వాటిలో చాలావాటిమీద పేరు ఉండదు. నాణెముమీద ముఖము ప్రక్కనే పేరు ఉంటుంది. కనుక పండితులు నాణెమును చేతబట్టుకొని విగ్రహములకు పేర్లు పెట్టారు. తిబెరి విగ్రహములలో వెడల్పు నుదురు, వంపు ముక్కు, సన్నని పెదవులు, మెడమీదికి దిగిన జుట్టు కనబడతాయి, నాణెముమీదా అవే. ఔగుస్తు 75 ఏండ్లు బ్రతికి క్రీ.శ. 14లో చనిపోయాడు. అయినా నాణెములలోను, 1863లో రోము దగ్గర ప్రైమా పోర్టాలో దొరికిన పాలరాతి విగ్రహములోను అతడు పడుచువాడే. ముసలితనము చూపడానికి శిల్పికి సెలవు లేదు కాబోలు. నీరో సంగతి వేరు. ఏండ్లు గడిచేకొద్దీ అతని మెడ లావెక్కడము నాణెములే దాచక చూపుతాయి. అతడు చచ్చిన తరువాత అతని విగ్రహములు కొన్నిటిని చెక్కి వేరొకరి ముఖముగా మార్చారు. నాణెములను అలా మార్చలేకపోయారు.

మన ప్రాంతమువారికి ఈ విద్య అంతగా అలవాటు లేదు. శాతవాహనులు తమ వెండి నాణెములమీద ముఖము వేయించారు గాని, విజయనగరపు రాజులు దేవతల బొమ్మలే వేయించారు. శ్రీకృష్ణదేవరాయల బంగారు వరహామీద ఉన్నది బాలకృష్ణుడు. రాయల రూపము చూడాలంటే తిరుమలలో భుజముపై పేరు చెక్కిన విగ్రహమే గతి. మన హిందూపురము ప్రక్కనే లేపాక్షి పైకప్పు చిత్రములలో విరూపణ్ణ రూపమున్నది. ఆయన పెనుకొండలో కోశాధికారి. రాజు సొమ్ము గుడికి ఖర్చు చేశాడన్న నింద మోయలేక తన కన్నులు తానే పెరికివేసికొన్నాడని ఇక్కడి జనుల కథ. చరిత్రగా మేము దానికి పూచీపడము. సొమ్ము ఎవరిది అన్న చిక్కు మాత్రము ఈ ప్రాంతానికి కొత్త కాదు.

ఇక ఆ యౌవనస్థుని బిళ్ళ. దానిమీది పురుషునికి నిండు గడ్డమున్నది! తిబెరికి గడ్డము లేదు. రోమా చక్రవర్తులలో నిండు గడ్డము పెంచినవారిలో మొదటివాడు హేడ్రియను; అతడు ఏలిక అయినది క్రీ.శ. 117లో. బైబిలు కాలమువాడంటే గడ్డము ఉండితీరాలని ఆ నకిలీ చేసినవాడు అనుకొన్నాడేమో.

మరుసటి ఆదివారము సంగతి చెప్పాము. కుర్రవాడు చాలాసేపు పలుకలేదు. తరువాత మెల్లగా, "ధర్మవరంలో ఒక షావుకారు ఆరు వేలకు అడుగుతా ఉండాడు అయ్యగారూ. నేను చెప్పకపోతే ఆయనకేం తెలుస్తుంది?" అన్నాడు.

మేము జవాబిచ్చేలోగానే తల్లి అందుకొన్నది. "వద్దు నాయనా. ఆ నష్టం మనింట్లోనే నిలిచిపోనీ. ఇంకో పంట గూళ్ళు రాకపోవు."

పాఠకులలో ఎవరికైనా పొలములో పాత నాణెములు దొరికితే కంసాలి యొద్దకు పోకండి. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయల విలువ దాటిన నిక్షేపమును గూర్చి కలెక్టరుకు తెలియజేయాలి. పురావస్తువులతో వ్యాపారము చేసేవానికి 1972 చట్టము క్రింద లైసెన్సు ఉండాలి. కొనేముందు అది చూపుమని అడగండి. పెనుకొండలో ఆ అమ్మినవానికోసము మేమును కుర్రవాడును వెళ్ళి వెదికాము, దొరకలేదు.

ఫీజు గడువు పొడిగించమని ఆ తల్లి కాలేజీకి పోయి అడిగి వచ్చింది. రెండు కంతులకు ఒప్పుకొన్నారట. బిళ్ళ ఇప్పుడు మా బల్ల సొరుగులో ఉన్నది. తిబెరి విగ్రహము బొమ్మ ఉన్న మా పుస్తకము ఆ కుర్రవాని యొద్ద ఉన్నది. రెండు వారములని పట్టుకుపోయాడు, ఇంకా తిరిగి ఇవ్వలేదు.